ఏడు చొక్కాల కింద

నమోదు 1. గాలికాలం ఇంకా రాలేదు.

ఈ పూట నుంచి పరీక్ష షెడ్డు నాది. నాది అంటే, బల్ల ఓదెలు కాకది, కుర్చీ ఓదెలు కాకది, ముద్ర కూడా ఆయనదే. కానీ చూసే కళ్లు నావి. ఇంతకాలం ఇక్కడ బ్యాటరీ సెల్లును చూసినవాళ్లు లేరు. తెచ్చినవాడి మొహం చూసి, మీ ఇంట్లో అందరూ బాగేనా అని అడిగి, ముద్ర వేసి పంపేవాళ్లు. అదొక పరీక్ష!

ఈ బూడిదచెరువు కాలనీలో, ఛాతీ ఇంకా గట్టిగా ఉన్న నా ఈడువాళ్లు తప్ప, గొట్టం లేకుండా బతికేవాడు లేడు. గాలి లేచిందంటే ఎండిన చెరువంతా లేచి ముక్కుల్లోకి వస్తుంది. అప్పుడు గొట్టం నోట్లో పెట్టుకుని, అడ్డసరం ఆకు రసం ఆవిరి పీల్చి, బిగుసుకున్న ఛాతీని వదులు చేసుకోవాలి. గొట్టం వేడెక్కాలంటే సెల్లు కావాలి. కొత్త సెల్లులు చేసేవాళ్లు ఎక్కడా మిగల్లేదు. పాత పట్నం చెత్తగుట్ట తవ్వి తెచ్చుకున్నవే అన్నీ. ఒకప్పుడు పట్నం కుర్రాళ్లు సోకు కోసం పొగ ఊదిన వేప్‌లు, కరెంటు సిగరెట్లు, వాటిలోవి. వాళ్ల సోకు, మన ఊపిరి! ఈ వాక్యం కరపత్రంలో పెట్టాలి.

నేను బడి చూసింది తక్కువ. నాకు చదువు చెప్పింది గోడలు. గోడ మీద అంటించిన ప్రతి కరపత్రమూ చదివాను, సగం చిరిగినవి కూడా. జనరక్షణ సమితి వాళ్ల సెల్లుల కరపత్రం నాకు కంఠతా వచ్చు. "రంగు మారిన సెల్లు శత్రువు. దాని ఒంటిని చూడు. జాలి పడకు." మూడు ముక్కల్లో ఎంత స్పష్టంగా ఉంది! పోయిన గాలికాలంలో కొలిమి వీధిలో ఒక గొట్టం పేలి ఇద్దరు పోయారు. ఆ సెల్లు మీద కూడా ముద్ర ఉంది.

అందుకే షెడ్డు తలుపు మీద నా చేత్తో రాసి అంటించాను. గోధుమరంగు, వెలిసిన రంగు, నల్లమచ్చ, ఏది కనబడినా సెల్లు ఉప్పుతొట్టిలోకే. ఉప్పునీళ్లలో పడ్డ సెల్లు మళ్లీ లేవదు.

ఓదెలు కాక అది చదివి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"ఓ పిల్లా సుక్కా, గిట్ల ముంచుకుంట పోతె కాలనీల సెల్లే మిగలది. అందరియి గోధుమరంగే గద."

"మారాలె కాకా."

"ఏం మారాలె? రంగా?"

తన మాటకు తనే నవ్వుకున్నాడు. నవ్వనీ. మార్పును చూసి మొదట నవ్వుతారని ఇంకో కరపత్రంలో చదివాను.

నమోదు 2. ఎండ. గాలి లేదు.

బాపు వరసలో నిలబడ్డాడు. ఇంట్లోనే చూస్తాను, రావద్దు అని పొద్దున చెప్పాను. ఆయన వినలేదు. ఎవరి బిడ్డో కాదు కదా బల్ల దగ్గర కూర్చుంది, ఆయన బిడ్డ! చూసుకోవాలనుకున్నాడు. ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు.

సెల్లు నా చేతిలో పెట్టాడు. సెల్లుకు తొడిగే రబ్బరు చొక్కాకు మా ఇంటి రంగు చిలకపచ్చ. అది చిలకపచ్చగా లేదు. పొగాకు కట్టలా ఉంది.

"బాపూ, రంగు మారింది."

"నా రంగు గూడ మారింది బిడ్డా. నన్ను గూడ ముంచుతవా?"

వరసంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. అప్పుడు నాకు తెలిసింది ఒకటే. బాపు సెల్లుకు ముద్ర పడితే, ఆయన వెనక నిలబడ్డ ప్రతివాడికీ ముద్ర అడిగే హక్కు వస్తుంది. రేపటి నుంచి మళ్లీ మొహాలు చూడటమే.

తొట్టిలో వేశాను. అది అడుగుకు పోయి కూర్చుంది. పక్కన సన్నగా బుడగలు లేచాయి.

"అయ్యో," అన్నాడు ఓదెలు కాక, "దాని మీద మీ అవ్వ తొడిగిన సొక్కాలుండెగదనే!"

నిజమే. పైచొక్కా ఒక్కటే నేను తొడిగింది. దాని కిందివన్నీ నన్ను కన్న అవ్వ తొడిగినవి. చచ్చిపోయే ముందు చొక్కాల పండుగకు కూడా లేచి కూర్చుని తొడిగింది. అది నాకు ఆయన చెప్పాలా?

స్టోరులో వెతికి బాపుకు అన్నిటికంటే మంచిది తీసిచ్చాను. ఎండుమిరపకాయ రంగు చొక్కా, గోటిమచ్చ కూడా లేదు. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెండ్లికొడుకు లెక్కున్నది," అన్నాడు. తర్వాత ఇంట్లో ఒక్క మాటా లేదు. కోపం వస్తే బాపుకు మాట ఆగిపోతుంది, నాకు ఆగదు. అన్నం దగ్గర నేనొక్కదాన్నే మాట్లాడాను, సమానత్వం గురించి.

నమోదు 3. పడమర ఆకాశం మట్టిరంగు.

గెలిచాం!

వరసలో ఎటు చూసినా రంగులే. నీలం, నారింజ, గులాబి, పసుపు. మచ్చ ఉన్న సెల్లు ఒక్కటీ రాలేదు. ఉప్పుతొట్టికి పనిలేదు. ఓదెలు కాక ముద్ర వేసీ వేసీ చెయ్యి నొప్పి అంటున్నాడు. జనం మారరు అన్న పెద్దమనుషులు వచ్చి ఈ వరసను చూడాలి.

ఇంతకూ వాళ్లందరికీ కొత్త చొక్కాలు తొడిగింది కనకవ్వ. ఇంటివాళ్లే ఎక్కించుకున్నా, ఆమె చేత ఎక్కించుకున్నా, చొక్కా బిగియాలంటే ఆమె కుండ దగ్గరికే పోవాలి. పలచని రబ్బరు గొట్టం ముక్కను సెల్లుకు ఎక్కించి, మరుగుతున్న కుండ ఆవిరి మీద పట్టుకుంటుంది. చొక్కా ముడుచుకుని ఒంటికి పట్టేస్తుంది. మామూలుగా చొక్కాల పండుగ ఏడాదికి ఒకసారే. గాలికాలానికి ముందు ప్రతి ఇల్లూ తన రంగు చొక్కా తొడిగిస్తుంది, పాతదాని మీదే. పాతది విప్పరు. మనిషి పోయినప్పుడే విప్పుతారు. పాడె ముందు కూర్చుని, ఇంటివాళ్లు ఒక్కో చొక్కా విప్పినప్పుడల్లా పోయినవాళ్ల పేరు పిలుస్తారు. అందుకే ఏటేటా సెల్లు లావవుతుంది, ఏటేటా గొట్టం లోపల ఆకురాయి పట్టించి అరగదీయించుకోవాలి. ఆ పని చేసే మొగిలన్న బండి కనకవ్వ ఇంటి ముందే ఉంటుంది. ఇద్దరికీ ఈ వారం తిండికి తీరిక లేదు.

కనకవ్వ ఒక్కతే తన సెల్లు చూపించలేదు. పోయి అడిగాను.

"సూపియ్య," అంది కుండ మీంచి తల ఎత్తకుండానే. "ఏం జేస్తవో జేస్కో."

"నియమం అందరికీ ఒకటే."

"అయితే అందరిని అడుగు. నన్నడగకు."

ఇలాంటి వాళ్ల గురించే రేపటి కరపత్రం. పేరు కూడా పెట్టాను: "రంగు గెలిచింది."

నమోదు 4. బూడిద వాసన.

మొగిలన్న కాలిపోయాడు. బతికే ఉన్నాడు. ముందు అది రాయాలి, బతికే ఉన్నాడు.

బండి దగ్గర కూర్చుని ఎవరిదో గొట్టానికి ఆకురాయి పడుతున్నాడు. తన సెల్లు నడుముకు కట్టుకున్న సంచిలో ఉంది. చూసినవాళ్లు చెప్పారు: ముందు పాములా బుస కొట్టిందట, తియ్యటి వాసన వచ్చిందట, ఆయన ఇదేందని సంచి మీద చెయ్యి పెట్టాడట. అంతే. తొడ మీద లుంగీ ఒంటికి అంటుకుపోయింది. ఇసుక పోసి ఆర్పారు.

ఆ సెల్లుకు ముద్ర నేను వేయించాను. నాకు గుర్తుంది. పసుపు చొక్కా. ఎంత శుభ్రంగా ఉందంటే బల్ల మీద ఒక క్షణం ఎక్కువ పెట్టుకుని చూశాను.

వైద్యశాల దగ్గర నిలబడలేకపోయాను. నేరుగా కనకవ్వ ఇంటికి పోయి తలుపు తన్నాను. తెరిచే ఉంది, గోడకు కొట్టుకుంది.

"మొగిలన్న సెల్లుకు ఏం తొడిగినవ్?"

"సొక్కా తొడిగిన. తలుపును ఎందుకు తన్నుతవే, అదేం జేసింది?"

"కింద ఏమున్నదో సూడకుంట తొడిగినవా?"

"రంగు మారితె ముంచుత అన్నదెవలు? నువ్వు. మంది భయపడి నా మీద వడ్డరు. పండుగ రాకముందే పండుగ జేసినవ్. నీ పేరు జెప్పుకుని వారం దినాలు కడుపునిండ తిన్న."

"సిగ్గులేదా?"

"నీకున్నదా?" అని కుండను పొయ్యి మీంచి దించింది. "రంగు ఎందుకు మారుతదే? అడ్డసరం ఆవిరి తాకి. గీ నా పండ్లు సూడు. గీ వేళ్లు సూడు. మీ బాపు మీసం సూడు. మేమంత గోధుమరంగే. ముంచు మరి, తొట్టి పెద్దది సెయ్యి."

"కింద సూడాలె గద," అన్నాను మళ్లీ.

"కింద సూసుడేంది? మనిషి బతికుండగ సొక్కా ఇప్పుతరా ఎవలన్న? నువ్వు ఇప్పినవా? మీ బాపుది ముంచేటప్పుడు ఒక్క సొక్కా ఇప్పి సూసినవా?"

నేను మూఢనమ్మకాలంటూ జాతకాల మీద రాశాను. దిష్టి మీద రాశాను. తుమ్మితే ఆగేవాళ్ల మీద రెండు పేజీలు రాశాను. నా చేతుల మీదుగా ఇన్ని సెల్లులు పోయాయి, ఒక్కదాని చొక్కా విప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. వద్దనుకుని మానుకోలేదు. రానే లేదు. "దాని ఒంటిని చూడు" అని కరపత్రం అరిచి చెప్పింది. చొక్కానే ఒళ్లు అనుకున్నాను.

నమోదు 5. అదే రోజు, మధ్యాహ్నం.

షెడ్డులో ఎవరూ లేరు. ఓదెలు కాక వైద్యశాల దగ్గర ఉన్నాడు. ఉప్పుతొట్టిలో చెయ్యి పెట్టి బాపు సెల్లు తీశాను.

చచ్చిన సెల్లే కదా అనుకున్నాను. బ్లేడు పెట్టాను. గోధుమరంగు చొక్కా ఊడింది, దాని కింద చిలకపచ్చ. దాని కింద ఇంకొంచెం లేత పచ్చ. కిందికి పోయేకొద్దీ లేత. ఏడు. ఏడో దాని అంచు మీద అవ్వ గోరుతో నొక్కిన గాటు ఉంది, చొక్కా జారకుండా ఆమె అలాగే నొక్కేది.

దాని కింద ఇనుము. తలకాయ దగ్గర ఉప్పు తిని తుప్పు పట్టింది, అది నేను పెట్టిన తుప్పు. మిగతా ఒళ్లంతా తిన్నగా, సొట్ట లేకుండా, పైన తెల్ల కాగితం చుట్టు చెక్కుచెదరకుండా ఉంది.

మంచి సెల్లు. మంచి సెల్లును చంపాను.

కూర్చుని ఏడవడానికి కూడా కుదురు లేదు. తొట్టిలో ఉన్నవన్నీ బయటికి తీసి విప్పాను. కొన్ని బాపుదానిలాగే శుభ్రం. కొన్ని సొట్టలు. కొన్నిటికి తలకాయ దగ్గరి కాగితం చుట్టు చిరిగి ఉంది. ఇంకొన్నిటికి అడుగున ఇనుము మీద నెమలి మెడలాంటి నీలం, ఎంత అందంగా ఉందో! ఆ నీలం ఎలా వస్తుందో నాకు తెలుసు. పొయ్యి మీద మాడిన ఇనుప గరిటెకు అదే రంగు వస్తుంది. అంటే ఆ సెల్లు ఎప్పుడో ఒకసారి లోలోపల మాడింది. మాడినదాని మీద చొక్కా తొడిగారు. దాని మీద ఇంకొకటి.

పైచొక్కా రంగుకూ కింది ఇనుముకూ ఏ సంబంధమూ లేదు. శుభ్రంగా ఉన్నవీ గోధుమరంగువే, మాడినవీ గోధుమరంగువే.

మొగిలన్న సెల్లు మిగిలిన ముక్క కూడా చూశాను. ఇసుకలోంచి ఎవరో తెచ్చి బల్ల కింద పెట్టారు. కాలినదాని రంగు చూసి ఏం చెప్పగలను? కానీ ఒక పక్క లోతుగా సొట్ట ఉంది. కరిగి మిగిలిన చొక్కా ఆ సొట్టలోకి దిగి అతుక్కుని ఉంది. సొట్ట ముందు నుంచీ ఉంది. దాని మీద నా పసుపు పచ్చని విజయం.

అప్పుడు ఎండుమిరపకాయ రంగు గుర్తొచ్చింది. పరిగెత్తాను.

నమోదు 6. పడమర ఏమీ కనబడటం లేదు.

బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గొట్టం పక్కన పెట్టాడు, వాడటం లేదు. ఆయన జేబులోంచి సెల్లు తీసి నా చెంపకు ఆనించుకున్నాను. ఊరికే పడి ఉన్న సెల్లు జ్వరం వచ్చినట్టు వేడిగా ఉంది.

"ఎప్పటి సంది ఇట్లున్నది?"

"వారం దినాలాయె. జేబుల వెచ్చగ మంచిగనే ఉన్నది." సెల్లు పోయిన రోజు తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట ఇది.

"బాపూ, సొక్కా ఇప్పాలె."

ఆయన నన్ను చూశాడు. వీధిలోకి చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

"బతికుండంగనే సాగదోలుతవా బిడ్డా?"

అంతా చెప్పాను. తొట్టిలోంచి తీసిన ఆయన సెల్లు గురించి కూడా చెప్పాను, అది మంచిదని. ఏడో చొక్కా మీద గోటిగాటు గురించి చెప్పాను. బాపు మోకాలు రుద్దుకున్నాడు.

"నువ్వే ఇప్పు," అన్నాడు. "నేను సస్తె ఎట్లయినా ఇప్పేది నువ్వే గద."

బ్లేడు పెట్టాను. మొదటి చొక్కా ఊడినప్పుడు బాపు పక్కకు తిరిగి, ఎవరినో పిలిచినట్టు, "రాజేశం," అన్నాడు. తన పేరే. రెండోదానికి మళ్లీ, "రాజేశం." కొంచెం నవ్వు కూడా ఉంది ఆ గొంతులో. "ఉన్న, ఉన్న," అని తనే జవాబిచ్చుకున్నాడు.

కింద నీలం. పైన కాగితం చుట్టు మాడి నల్లగా పొడిపొడి అవుతోంది.

పట్టకారుతో పట్టుకుని వాకిట్లో ఇసుక కుండలో పూడ్చి, బాపును లోపలికి నెట్టాను. తలుపు వేస్తుండగానే అది బుస కొట్టింది. తియ్యటి వాసన. తర్వాత కుండ పగిలిన చప్పుడు, ఇసుక వానలా తలుపుకు తగిలింది.

ఆయన జేబు ఎక్కడుంటుందో తెలుసా? గుండె మీద.

ఇప్పుడు బాపు దగ్గర సెల్లు లేదు. స్టోరులో ఉన్నవాటిలో ఏది మంచిదో తెలియదు. గాలి కాలనీ అంచుకు వచ్చింది. బాపు దగ్గు మొదలైంది, ముందు చిన్నది, తర్వాత వంగిపోయి దగ్గేది.

పొగ వాసనకు కనకవ్వ వచ్చింది. పగిలిన కుండను చూసింది, బాపును చూసింది, నా చేతిలో బ్లేడును చూసింది. కొంగులోంచి సెల్లు తీసింది. వక్కలా నల్లబడ్డ గోధుమరంగు.

"ఇప్పు."

"కనకవ్వా, నువ్వు..."

"నోరు మూసుకొని ఇప్పు. నేను అటు తిరుగుత."

గోడకు మొహం పెట్టి నిలబడింది. నేను విప్పుతున్నాను, ఆమె వీపు ప్రతి చొక్కా చప్పుడుకూ బిగుస్తోంది. ఎన్ని చొక్కాలో! ఊళ్లో అందరికీ తొడిగే మనిషి, తనకు తను ఏ పండుగా తప్పలేదు. ఒకవేళ కింద నీలం ఉంటే? ఈ గాలికి ఇద్దరూ ఊపిరి లేకుండా కూర్చోవాలి, నేను చూస్తూ కూర్చోవాలి.

ఇనుము తెల్లగా మెరిసింది. సొట్ట లేదు. చుట్టు గట్టిగా ఉంది. చెంపకు ఆనించుకున్నాను. చల్లగా, బావి గచ్చులా ఉంది.

"ఎట్లున్నది?" అంది గోడతో.

"మంచిగున్నది."

"నేను బతికున్ననా?"

"ఉన్నవ్."

"అయితె సొక్కా తొడుగు. సిగ్గయితున్నది."

ఆమె సంచిలో రంగు చొక్కాలు లేవు, అన్నీ అమ్ముడైపోయాయి. ఎవరూ కొనని అద్దంలాంటి ముక్క ఒకటే మిగిలింది. అదే తొడిగాం. కింద ఇనుము మొత్తం కనబడుతోంది. కనకవ్వ దాన్ని చూసి మొహం చిట్లించి తన గొట్టంలో వేసింది. ఎన్నో చొక్కాలకు సరిపోయేలా వదులైపోయిన గొట్టం. సెల్లు లోపల గలగలమంది. గుడ్డ పేలిక చుట్టి బిగించింది.

ముందు బాపు పీల్చాడు. తర్వాత ఆమె. పీల్చే ముందు ప్రతిసారీ కొంగుతో గొట్టం మూతిని తుడుస్తోంది, బాపుకు కనబడేటట్టు.

"నాకేం రోగం లేదే కనకవ్వా," అన్నాడు బాపు, ఛాతీ కొంచెం విప్పుకున్నాక.

"మీసం ఉన్నది. అది సాలదా?"

నమోదు 7. గాలి.

తలుపు మీది కాగితం చించేశాను. కొత్తది అంటించలేదు. నోటితోనే చెప్పాను వరసకు. రంగు చూడను, ముద్ర చూడను, చొక్కా విప్పుతాను. సొట్ట ఉంటే, చుట్టు చిరిగితే, ఇనుము నీలంగా ఉంటే, ఊరికే ఉండి వేడెక్కితే సెల్లు వెనక్కి ఇవ్వను. నిన్నటిదాకా నేను చెప్పింది తప్పు. మొగిలన్న నా వల్ల కాలాడు.

వరస వరసగా లేదు, గుంపైంది.

"కాలనీ మొత్తానికి దినాలు పెడుతవా?"

"ముందు రంగన్నది, ఇప్పుడు బట్టలిప్పుమంటది!"

"మీ బాపుది ఇప్పుకో పో!"

"ఇప్పిన," అన్నాను. గుంపు ఇంకా పెద్దగా లేచింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. బల్ల ఎక్కి అరవాలనిపించింది, అరవడానికి వాక్యాలు కూడా తయారుగా ఉన్నాయి. బల్ల ఎక్కలేదు.

ఓదెలు కాక కుర్చీలోంచి లేచాడు. "పిల్లా, నేను ముద్ర ఎయ్య. పాపం నాకెందుకు?"

అప్పుడు కనకవ్వ వచ్చింది, వెనక బాపు. గొట్టంలోంచి సెల్లు తీసి బల్ల మీద నిలబెట్టింది. అద్దం చొక్కాలోంచి ఇనుము కనబడుతోంది. ముందు నిలబడ్డవాళ్లు చూపు తిప్పుకున్నారు.

"నాదే. ఇప్పింది గీ పిల్లనే. నేను సచ్చిన్నా? రాజేశం సచ్చిండా? సొక్కాలు తొడిగేదాన్ని నేను, నేను జెప్తున్న ఇనున్రి. కండ్ల ముందు ఇప్పితె తప్పు. అటు తిరిగి నిలబడున్రి. మీరు సూడలేదు, ఆమె ఇప్పలేదు. మల్ల నేను తొడుగుత. పైసలొద్దు."

ఎవరూ కదల్లేదు. చెరువు వైపు నుంచి మొదటి విసురు వచ్చింది, షెడ్డు రేకులు లేచి పడ్డాయి. వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు వరసంతా పాకింది.

ముందు తిరిగింది ఓదెలు కాక. తన సెల్లు బల్ల మీద పెట్టి, ముద్ర దాని పక్కన పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని చెరువు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకరు. తర్వాత నలుగురు. తర్వాత వరసంతా, బూడిదకు మొహాలు ఇచ్చి, నాకు వీపులు ఇచ్చి.

బ్లేడు పెట్టాను. ఊదారంగు చొక్కాలు, ఒకదాని కింద ఒకటి.

కింద నీలం. ఇంత చక్కటి నీలం తొట్టిలో కూడా చూడలేదు.

"ఎట్లున్నదే పిల్లా?" అన్నాడు ఓదెలు కాక తిరగకుండానే. గొంతు తేలిగ్గా పెట్టుకున్నాడు. అప్పటికే ఆయన భుజాలు దగ్గుకు ఎగురుతున్నాయి.

నేను కనకవ్వ వైపు చూశాను. ఆమె నా చేతిలోది చూసింది, బాపు చేతిలోని గొట్టం చూసింది.

"రమ్మను," అంది. "ముగ్గురం పీలుస్తం. మూతి కడుక్కొని రమ్మను."